నాన్న తుపాకీకి సరైన బోల్టు

హోల్మ్‌బర్గ్, విస్కాన్సిన్
ఏప్రిల్ 1986, ఆదివారం మధ్యాహ్నం

అమ్మకి,

నీ గ్లెన్ నమస్కారాలు. ఇక్కడ నేనూ నోరీనూ పిల్లీ కులాసాగానే ఉన్నాం. అరిజోనా ఎండకి నీ ఆయాసం నెమ్మదించిందని, వెర్నా పిన్ని పేకాటలో నిన్ను ఓడించి వీధంతా చాటుకుందని చదివి నవ్వుకున్నాను. మీ ఇద్దరి ఒళ్ళూ అలాగే తేలిగ్గా ఉండాలి.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు పని ఒత్తిడి అని రాద్దామనుకున్నాను. నిజానికి నువ్వు అడిగిన ప్రశ్నల్లో ఒకదానికి జవాబు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. మిగతావన్నీ ముందు రాసేస్తాను, ఆ ఒక్కటీ ఆఖర్న రాస్తాను. దాన్ని దాటేసి సంతకం పెట్టేస్తానేమోనని నోరీన్ వంటింట్లోంచి మధ్య మధ్య తొంగి చూస్తోంది.

నేలమాళిగ సంగతి అడిగావు. ఈ ఏడు కూడా మంచు కరిగి నీళ్ళు దిగాయి. పంపు పెట్టి తోడాం. నువ్వు పెట్టిన దోసకాయ ఊరగాయ సీసాలు పై అరలో ఉన్నాయి కనక బతికిపోయాయి. బీట్‌రూట్ సీసాల మూతలు మాత్రం తుప్పు పట్టాయి. నోరీన్ మోకాలికి డాక్టరు కట్టు కట్టి, మెట్లెక్కొద్దన్నాడు. ఆవిడ వింటుందా? "నేను మెట్లెక్కకపోతే పై గదిలో ఈయన ఇనప సామానుకి దుమ్మెవరు దులుపుతారు? అవి ఈయనకి బిడ్డలు, నాకు సవతులు" అని డాక్టరు ముందే అనేసింది. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

నాన్న కోట్లు చర్చికి ఇచ్చావా అని అడిగావు. రెండు ఇచ్చాను. ఎర్ర గళ్ళ కోటు చర్చి మెట్ల దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చాను. నువ్వు వచ్చాక దాని సంగతి నువ్వే చూడు.

కొట్లో చేతినిండా పని. దుక్కులు మొదలయ్యే రోజులు కదా, తలుపు తీసేసరికి రైతులు విరిగిన ముక్కలు పట్టుకుని వరస కట్టి ఉంటారు. కౌంటర్ మీద ముక్క పడగానే అది ఏ ట్రాక్టరుది, ఏ ఏటి తయారీ, దాని బదులు ఏది పడుతుంది అన్నది నేను చెప్పాలి. ఏళ్ళ తరబడి ఇదే పని చేసి చేసి, ప్రతి వస్తువుకీ తనదంటూ ఒక ముక్క ఎక్కడో ఉంటుందనీ, అది దొరికేదాకా ఆ వస్తువు కుంటిదేననీ నా బుర్రలో నాటుకుపోయింది. ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే నేను చేసిన పని నీకు కొంచెమైనా అర్థం కావాలని. నన్ను వెనకేసుకురమ్మని మాత్రం కాదు.

ఇక ఆ ప్రశ్న. "లెస్టర్‌కి రెండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. ఒంట్లో బాగోలేదా? మే నెలాఖర్న నేను వచ్చినప్పుడు మీ నాన్న సమాధి దగ్గరికి ఎప్పటిలా అతనే తీసుకెళ్తాడు కదా?" అని రాశావు.

లెస్టర్ బాబాయికి ఒంట్లో బాగానే ఉంది. ఆవుల్ని అమ్మేశాక కాస్త ఒళ్ళు కూడా చేశాడు. నీ మీద కోపం లేదు. ఆయన నీకు జవాబు రాయకపోవడానికి కారణం నేను. మన ఇంటికి రానని ఆయన నోటితో అనలేదు గానీ ఫిబ్రవరి నుంచి గుమ్మం తొక్కలేదు. మేలో నిన్ను సమాధి దగ్గరికి ఎవరు తీసుకెళ్తారో నాకు తెలియదు. నాన్న స్నేహితుల్లో మిగిలినవాడు ఆయనొక్కడే, ఆ ఒక్కణ్ణీ నేను పోగొట్టేలా ఉన్నాను.

జరిగింది మొదటినుంచి చెప్తాను.

మెట్ల పక్క గోడకి ఉండే నాన్న జపాన్ తుపాకీ నీకు తెలుసు. యుద్ధం అయ్యాక అక్కడినుంచి ఆయన తెచ్చుకున్న వస్తువు అదొక్కటే. "గోడకి దరిద్రంలా వేలాడుతోంది, తీసెయ్" అని నువ్వు, "ఉండనీ, తిండేం అడగట్లేదుగా" అని నాన్న ఎప్పుడూ వాదులాడుకునేవారు. ఆయన పోయాక అది నా పై గదికి వచ్చింది. వచ్చేటప్పటికి దానికి సగం సామాను లేదు. పైన కప్పే రేకు మూత లేదు. నడుస్తుంటే గలగలమంటుందని సిపాయిలు దాన్ని పీకి పారేసేవారట. ముందుభాగాన్ని నేల మీద ఆనించే తీగ కాలు లేదు. గొట్టం తుడిచే కడ్డీ లేదు. ఆ ముక్కల వేటే నా ఆదివారాలన్నీ మింగేసింది.

వెతకడం కన్నా గుర్తుపట్టడం కష్టం అమ్మా. కొత్తగా చేసి, ఉప్పునీళ్ళలో నానబెట్టి పాతవని అంటగట్టేవాళ్ళు ప్రతి సంతలోనూ ఉంటారు. రేకు మూత అసలుదైతే లోపలివైపు రాపిడికి నునుపు తేలిన చార ఉంటుంది, నకిలీదానికి లోపలా బయటా ఒకే నలుపు. ఏ కార్ఖానాలో చేశారో ఆ కార్ఖానా గుర్తు ముక్క మీద ఆవగింజంత కొట్టి ఉంటుంది, భూతద్దం లేనిదే దొరకదు. పాత తుపాకులు పోగుచేసే మా క్లబ్బులో డ్యూయీ అని ఒక ప్లంబరున్నాడు. ముక్కని వాసన చూసి అసలుదో కాదో చెప్తానంటాడు. మొదట్లో వాణ్ణి చూసి నవ్వేవాణ్ణి, ఇప్పుడు నేనూ వాసన చూస్తున్నాను.

ఒక్కొక్కటే అన్నీ దొరికాయి. బోల్టు మిగిలింది.

బోల్టంటే నట్టూ బోల్టూ కాదు. తుపాకీ వెనకభాగంలో పిడి పట్టుకుని ముందుకు తోసి కిందికి తిప్పితే తలుపు గడియలా మూసుకుంటుందే, ఆ ఉక్కు కడ్డీ. అది లేకపోతే తుపాకీ ఉత్త కర్ర. తుపాకీ ఒంటి మీద ఒక అంకె ఉంటుంది, బోల్టు పిడి మొదట్లో ఒక అంకె ఉంటుంది. రెండూ ఒకటే అయితే ఆ రెండూ ఒక చోట తయారై ఒక జతగా బయటికొచ్చాయని. నాన్న తుపాకీలో ఉన్న బోల్టు మీద వేరే అంకె ఉంది.

అందులో వింత లేదని క్లబ్బులో అందరం అనుకునేవాళ్ళం. జపాన్ లొంగిపోయాక తుపాకులన్నీ ఒక కుప్ప, బోల్టులన్నీ ఇంకో కుప్ప పోశారట. ఇంటికి తెచ్చుకునే సిపాయి ఈ కుప్పలోంచి ఒకటి, ఆ కుప్పలోంచి ఒకటి లాక్కున్నాడు. అందుకే ఏవీ కలవవు. కలిసినది దొరికితే అది పండగే. నాన్న తుపాకీకి దాని బోల్టు దేశంలో ఏదో ఒక అటక మీద ఉంటుందని అంకె వేసి ఎన్ని ఊళ్ళకి రాశానో లెక్కలేదు.

లెస్టర్ బాబాయి దగ్గరా అలాంటి తుపాకీయే ఉందని నీకు తెలుసు. చలికాలం ముందు ఇద్దరూ మన వంటింటి బల్ల మీద పాత పేపర్లు పరిచి రెండిటికీ నూనె పెట్టేవారు, నువ్వు కంపు భరించలేక కిటికీలు తెరిచేదానివి. నాన్న పోయి, బాబాయి వేళ్ళు వంకర్లు పోయాక ఆయన తుపాకీకి నూనె పెట్టే పని నాకు వచ్చింది. మొన్న నవంబర్లో వాళ్ళింటికి వెళ్ళాను. "పైపైన తుడువు చాలు, లోపల కెలక్కు" అని గుడ్డ చేతికిచ్చి ఆయన కాఫీ పెట్టడానికి లేచాడు. పిడి మొదట్లో ఏళ్ళనాటి జిడ్డు గట్టిపడి ఉంది. గోరుతో గీకాను. కింద నాన్న తుపాకీ అంకె కనబడింది.

దేశమంతా వెతికింది మన ఊరి చివర పాల పాక పక్కింట్లో ఉంది! ఇంకొకటీ చూశాను. ఆయన తుపాకీ ఒంటి మీద ఉన్న అంకె, నాన్న తుపాకీలో ఉన్న బోల్టుది. ఒకరిది ఒకరి దగ్గర ఉంది.

"బాబాయ్, ఈ బోల్టు నీ తుపాకీది కాదు, తెలుసా?" అన్నాను.

ఆయన పొయ్యి దగ్గరనుంచి తిరగలేదు. "దానికదే బాగుంది."

"అది కాదు, ఈ అంకె చూడు..."

"నువ్వు నూనె పెట్టడానికొచ్చావా, జనాభా లెక్కలకొచ్చావా? దాన్నలాగే ఉండనీరా."

నవ్వేశాను. కుప్పల్లోంచి తీసుకునేటప్పుడు వాళ్ళవి తారుమారయ్యాయనీ, ఆ సంగతి ఈ ముసలాయనకి తెలియదనీ, తెలిసినా పట్టదనీ తీర్మానించుకున్నాను. విడమరిచి చెప్పి అడగొచ్చు. వద్దంటాడేమోనని భయం. అడిగి కాదనిపించుకుని చేస్తే తప్పవుతుంది గానీ అడక్కుండా చేస్తే తప్పెలా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన అప్పటికే వద్దన్నాడన్న సంగతి విననట్టు నటించాను.

తర్వాతి వారం నూనె ఆరిందో లేదో చూస్తానని మళ్ళీ వెళ్ళాను. నాన్న తుపాకీలోని బోల్టు నా భోజనం డబ్బాలో, రొట్టెల కింద గుడ్డలో చుట్టి ఉంది. పక్కవాళ్ళ దూడ కంచె దూకిందని ఎవరో కేకేస్తే బాబాయి బయటికి వెళ్ళాడు. పిడి ఎత్తి వెనక్కి లాగి ఒకటి తీసి ఇంకొకటి పెట్టడానికి నాలాంటివాడికి ఎంతసేపు పడుతుంది? ఆయన రొప్పుకుంటూ తిరిగొచ్చి నా డబ్బా చూశాడు. "మా ఇంటికి డబ్బా తెచ్చుకోవడమేంట్రా, సిగ్గులేదూ? కూచో" అని సాసేజీలు వేయించి, ఉడికిన బంగాళాదుంపల మీద వెన్న వేసి పెట్టాడు. తిన్నానమ్మా. ఆ డబ్బా కాళ్ళ మధ్య ఇరికించుకుని, ఆయన పెట్టిందంతా తిన్నాను.

ఇంటికొచ్చి నాన్న తుపాకీలో దాని బోల్టు పెట్టాను. పిడి కిందికి తిప్పగానే మెత్తగా, ఏ గీకుడూ లేకుండా మూసుకుంది. నోరీన్‌ని కేకేసి చూపించాను.

"ఎక్కడిది?" అంది. చెప్పాను.

"ఆయనకి చెప్పావా?"

"రెండు తుపాకులూ ఒకేసారి బాగుపడ్డాయి నోరీన్. ఎవరిదీ ఏమీ పోలేదు."

"పోకపోతే చెప్పడానికేం?"

ఆ మాటకి నాకు కోపమొచ్చింది. ఆ కోపంతో రెండ్రోజులు ముభావంగా తిరిగాను. తర్వాత ఆవిడా ఊరుకుంది, నేనూ మర్చిపోయినట్టు ఉన్నాను.

ఫిబ్రవరిలో జిల్లా సంత హాల్లో మా క్లబ్బు ప్రదర్శన జరిగింది. కార్ఖానాలోంచి ఎలా వచ్చిందో అలాగే, ఏ ముక్కా మారకుండా ఉన్న తుపాకీకి నీలం రిబ్బన్ కడతారు. ఈసారి చూసి తేల్చే పని డ్యూయీది. భూతద్దం పెట్టి రేకు మూత చూశాడు, తీగ కాలు చూశాడు, బోల్టు పిడి దగ్గర ఆగి నిటారుగా లేచాడు. "ఒరే గ్లెన్! నలభై ఏళ్ళకి మొగుడూ పెళ్ళాల్ని కలిపావు కదరా! ఎక్కడ పట్టావురా దీన్ని?" అని హాలంతా వినబడేలా అరిచి రిబ్బన్ కట్టాడు. నా వీపు తట్టనివాడు లేడు.

లెస్టర్ బాబాయిని రమ్మన్నది నేనే. ఎందుకు పిలిచానని నోరీన్ ఇప్పటికీ నన్ను అడుగుతుంది. నాన్న వస్తువు బాగుపడ్డం నాన్నని ఎరిగినవాళ్ళు ఒకరైనా చూడాలనిపించింది. నిజంగా అంతే.

ఆయన టోపీ చేతిలో పట్టుకుని, బూట్ల మంచు దులుపుకుని వచ్చాడు. రిబ్బన్ చూసి "బాగుందిరా. మీ నాన్నుంటే ఎంత నవ్వేవాడో" అన్నాడు. పక్కన నేను రాసి పెట్టిన అట్ట చదివాడు. అన్ని భాగాలూ ఒకే జతవి అని పెద్దక్షరాలతో రాశాను. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చదివాడు. తర్వాత ఆ వంకర వేలితో బోల్టు పిడి మొదలు తడిమాడు.

"ఈ బోల్టు ఎక్కడిదిరా?"

డ్యూయీ నా పక్కనే ఉన్నాడు. ఇంకో నలుగురు చెవులు ఇటే పెట్టి ఉన్నారు.

"ఒహాయోలో ఒకాయన దగ్గర దొరికింది బాబాయ్" అన్నాను.

"ఓహో. ఒహాయోలోనా."

"అవును. ఉత్తరాలు రాయగా రాయగా..."

"మంచివాడు పాపం. అంత దూరం నుంచి ఇచ్చాడు" అని టోపీ పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం అందరం చేపల వేపుడు తినడానికి వెళ్దామనుకున్నాం. "ఆకల్లేదురా" అని ఆయన వెళ్ళిపోయాడు. మంచులో ట్రక్కు వెనక్కి తిప్పుకోవడానికి ఇబ్బంది పడుతుంటే కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. వెళ్ళి సాయం కూడా చెయ్యలేదు.

బోల్టు తీసుకున్నందుకు తిట్టి ఊరుకునేవాడేమో. నలుగురి ముందు ఆయన మొహం మీదే అబద్ధం చెప్పాను. ఆయనకి అది అబద్ధమని తెలుసు, ఆయనకి తెలిసిపోయిందని నాకూ తెలుసు. అయినా నన్ను వాళ్ళ ముందు బయటపెట్టలేదు. ఆ మంచితనం నాకు చెంపదెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

ఆ ఆదివారం కాఫీకి రాలేదు. పై ఆదివారమూ రాలేదు. నోరీన్ ఆయనకిష్టమని దాల్చినచెక్క కేకు చేసి వాళ్ళ గుమ్మంలో పెట్టొచ్చింది. పళ్ళెం కడిగి, తుడిచి మన మెట్ల మీద పెట్టి వెళ్ళాడు. తలుపు తట్టలేదు. ఆ పళ్ళెం నా ముందు పెట్టి నోరీన్, "నువ్వెళ్తావా, నన్ను వెళ్ళి చెప్పమంటావా?" అంది.

మార్చి బురదలో నడిచే వెళ్ళాను. ఈసారి బోల్టుని డబ్బాలో పెట్టలేదు, చేత్తో పట్టుకున్నాను. ఆయన తలుపు తీసి లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. వెనక్కి తిరిగి వంటింట్లోకి నడిస్తే నేనూ వెనకే నడిచాను.

"బాబాయ్, ఒహాయోలో ఎవరూ లేరు" అన్నాను.

"తెలుసులే. ఒహాయోవాళ్ళు అంత మంచోళ్ళు కారు."

బోల్టు బల్ల మీద పెట్టి, కుప్పల్లో తారుమారయ్యాయనుకున్నాననీ సరిచేద్దామనుకున్నాననీ ఏదేదో చెప్పాను. ఆయన అంతా విని, "ఆ కుప్పల కథ నిజమేరా, కళ్ళారా చూశా. మావి మాత్రం కుప్పలోవి కాదు. పెట్టెలోంచి తీసిచ్చారు, దేని బోల్టు దానికే ఉంది" అన్నాడు.

"మరి?"

"మరేముంది. నాకు కామెర్లొచ్చి ఆసుపత్రి గుడారంలో పడున్నా. మీ నాన్నకి ఇంటికెళ్ళే ఓడొచ్చేసింది. నేను మొహం అటు తిప్పుకుని పడుకున్నా. 'నువ్ పోరా సెల్మర్, నేనింక లేచేది లేదు, మా అమ్మకి నువ్వే చెప్పు' అన్నా. వాడు నా మంచమ్మీద కూచుని, ఓదారుస్తాడేమో అనుకున్నా, ఓదార్చలేదు. రెండు తుపాకుల బోల్టులూ ఊడదీశాడు. వాడిది నాదాంట్లో పెట్టాడు, నాది వాడిదాంట్లో పెట్టుకున్నాడు. 'నా సామాను నీ దగ్గరుంది. నువ్వే తెచ్చివ్వాలి. టపాలో పంపితే పుచ్చుకోను' అని చెప్పి చక్కా పోయాడు, వెధవ. కోపమొచ్చింది నాకు. ఆ కోపంతోనే గంజి తాగా. వాడి సామాను వాడి మొహాన కొట్టడానికే లేచాన్రా నేను."

"మరి తెచ్చాక ఇవ్వలేదేం?"

"రైలు దిగి ప్లాట్‌ఫారం మీదే ఇయ్యబోయా. 'ఇచ్చేస్తే రేపట్నుంచి మా ఇంటికి ఏం పనుందని వస్తావు? ఉంచుకో' అన్నాడు."

అమ్మా, నీకు గుర్తొచ్చే ఉంటుంది. ఆదివారం బాబాయి మన గుమ్మంలో అడుగు పెట్టగానే నాన్న "నా సామాను తెచ్చావా?" అనేవాడు. ఈయన జేబులు తడుముకుని "అయ్యో, మర్చేపోయా, వచ్చేవారం" అనేవాడు. ఏ రంపమో అరువు తీసుకెళ్ళి ఎగ్గొడుతున్నాడని నువ్వు, నేను కూడా, అనుకునేవాళ్ళం. ఒకసారి నువ్వు విసుగొచ్చి, కొత్త రంపం కొని నాన్నకి ఇచ్చావు కూడా. ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

"నాన్న పోయిన రోజైనా ఇచ్చేసి ఉండొచ్చు కదా బాబాయ్" అన్నాను. ఎందుకన్నానో.

"ఇద్దామనే పిడి మీద చెయ్యేశా. రాలేదు. బోల్టు కాదురా, నా చెయ్యే రాలేదు. వాడు పెట్టింతర్వాత దాన్నెవరూ బయటికి తియ్యలేదు. నూనె పెట్టినా పైపైనే పెట్టేవాళ్ళం. నీకూ అదే చెప్పా."

"ఇప్పుడే మార్చేస్తా బాబాయ్, నిమిషం పని. ఎలా ఉన్నాయో అలా పెట్టేస్తా."

"పెడతావు. నీకు చేతకాని పనా అది? కానీ అప్పుడు అది నువ్వు పెట్టిన బోల్టవుతుంది."

గొంతు పెంచలేదు. నా జీవితంలో ఎన్నో ముక్కలు మార్చాను, సరిపోని ముక్కని తీసేసి మళ్ళీ పాతది పెట్టాను, ఎక్కడా తేడా రాలేదు. ఈ ఒక్క ముక్కకి బదులు ముక్క లేదు. దాన్ని తీసిన చేతులు నావే.

వచ్చేస్తుంటే ఆయన గుమ్మం దాకా వచ్చి నీ ఉత్తరాల మాట ఎత్తాడు. "ఆర్డిస్ రెండుసార్లు రాసింది. నాకు జవాబు రాయడం రాక కాదు. గ్లెన్ ఎలా ఉన్నాడు, వస్తూ పోతూ ఉన్నారా అని అడిగింది. బాగున్నాం అంటే అబద్ధం. లేదంటే నీ మీద చాడీ. ఈ వయసులో ఆ రెండూ నేర్చుకోలేన్రా. నువ్వు రాయి. రాశావా అని నేను అడగను. నీకు రాయాలనుంటే రాస్తావు" అని తలుపు వేసుకున్నాడు. బోల్టు ఆయన బల్ల మీదే ఉండిపోయింది.

మర్నాడు డ్యూయీ దగ్గరికెళ్ళి రిబ్బన్ ఇచ్చేశాను. జరిగింది చెప్తే వాడికి తలకెక్కలేదు. "నకిలీ ముక్క ఏదైనా ఉందా?" అన్నాడు. లేదన్నాను. "అంకెలు కలిశాయా?" కలిశాయన్నాను. "మరి తప్పేముందిరా బాబూ?" అన్నాడు. వాణ్ణి అనడానికి లేదు, మొన్న మొన్నటి దాకా నేనూ వాడిలాగే మాట్లాడేవాణ్ణి. రిబ్బన్ బల్ల మీద పడేసి వచ్చాను.

ఇంకొక్కటి ఉంది. ఇది బాబాయికీ నోరీన్‌కీ చెప్పలేదు, నీకే చెప్తున్నాను. ఆ బోల్టు నాన్న తుపాకీలో మెత్తగా మూసుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా జరిగాక కూడా పూర్తిగా చావలేదు. ఇప్పటికీ తలుచుకుంటే వేళ్ళకి ఆ మెత్తదనం తగులుతుంది. ఆయన బాధ తెలిశాక కూడా నాలో ఒక మూలనున్న వెధవ "కానీ జత కలిసింది కదా" అంటూనే ఉన్నాడు. చేసిన పనికన్నా దీనికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను. నాన్న నన్ను ఇలా పెంచలేదు, నువ్వూ పెంచలేదు.

నువ్వు మేలో రాకుండా ఆగిపోవద్దు. టిక్కెట్టు మార్చుకోకు. నీ గది తుడిచి పెట్టాం, నోరీన్ కొత్త దుప్పటి కుట్టింది. కానీ నిన్ను సమాధి దగ్గరికి నేను తీసుకెళ్తే అది నీకూ బాగుండదు, నాకూ బాగుండదు. ఆ ట్రక్కులో నాన్న మీద చెణుకులు విసురుకుంటూ మీరిద్దరూ వెళ్ళాలి.

అందుకని ఒక్క పని చేసిపెట్టు. ఈ ఉత్తరానికి నాకు జవాబు రాయకు. బాబాయికి రాయి. నన్ను ఏమేం తిట్టాలనుకున్నావో, నువ్వు ఊరుకోవు కదా, అవన్నీ ఆయన ఉత్తరంలోనే రాయి. ఒక్క ముక్క కూడా విడిగా నాకు పంపొద్దు. పైన మాత్రం "ఇది మా వాడికి చదివి వినిపించు లెస్టర్, నువ్వే వినిపించాలి" అని రాయి. నువ్వు అడిగితే ఆయన కాదనలేడు. చదివి వినిపించాలంటే నన్ను లోపలికి పిలవక తప్పదు.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూస్తూ,
నీ కొడుకు
గ్లెన్